తణుకు విస్తరి, థాయి పళ్ళెం

పిల్లలూ, చెన్నై నుంచి కోల్‌కతా పోయే పెద్ద రోడ్డు మీద, పశ్చిమ గోదావరి జిల్లాలో తణుకు అనే ఊరు ఉన్నది. గోస్తనీ నది ఒడ్డున ఉన్న ఊరు అది. చుట్టూ కాలవలు, వరిచేలు, కొబ్బరి చెట్లు. మహాభారతాన్ని తెలుగు చెయ్యటం మొదలుపెట్టిన నన్నయభట్టు ఇక్కడ యజ్ఞం చేశాడని పెద్దలు చెప్పుకుంటారు. "అమృతం కురిసిన రాత్రి" రాసిన కవి దేవరకొండ బాలగంగాధర తిలక్ ఊరు పక్కనే ఉన్న మండపాక. 1947లో ఇక్కడే ఆంధ్రా షుగర్స్ కంపెనీ పుట్టింది. పంచదారతో మొదలుపెట్టిన ఆ కంపెనీ తరవాత మన అంతరిక్ష సంస్థ వారికి రాకెట్ల ఇంధనం కూడా చేసి పెట్టింది.

ఇన్ని విశేషాలున్న ఊళ్ళో ఈ నెల మనం గుడికీ పోము, ఫ్యాక్టరీకీ పోము. ఒక చిన్న భోజన హోటలుకు పోదాం. అక్కణ్ణించి, లేవకుండానే, థాయిలాండు దాకా వెళ్ళి వద్దాం. ఎట్లాగంటారా? విస్తరి ముందు కూచుంటే అదే తెలుస్తుంది.

గోదావరి జిల్లాల్లో ఇటువంటి హోటళ్ళు ప్రతి ఊళ్ళోనూ, బస్టాండు దగ్గరా బజారు సందుల్లోనూ ఉంటాయి. గుమ్మం పక్కన ఒక పలక మీద "మీల్స్ రెడీ" అని సుద్దతో రాసి ఉంటుంది. లోపల నాలుగు వరసల బల్లలు, గోడకు దేవుడి పటం, దాని కింద గల్లాపెట్టె. కోర్టు పనిమీద వచ్చిన రైతు, లారీ డ్రైవరు, బట్టల కొట్టు గుమాస్తా, పెళ్ళి చీరలు కొనటానికి వచ్చిన కుటుంబం, అందరూ పక్కపక్కనే కూచుంటారు. ఎవరు ఎవరో ఒకరికొకరికి తెలియదు. అయినా పక్కవాడి ఆకులో ఊరగాయ అయిపోతే, "ఇటు కాస్త ఆవకాయ తెండి!" అని వీరే కేక వేస్తారు.

అరిటాకు వేస్తారు. మీరు దానిమీద నీళ్ళు చిలకరించుకుని తుడుచుకోవాలి. ముందు పప్పు, కూర, పచ్చడి వడ్డిస్తారు. ఆ తరవాత అన్నం, పైన నెయ్యి. మొదటి ముద్ద కందిపొడితోనో, ముద్దపప్పూ ఆవకాయతోనో తినటం ఈ సీమ వారికి సరదా. కంద బచ్చలి కూర, పనసపొట్టు కూర, గుత్తి వంకాయ, ఇవి ఇక్కడి పేరుపడ్డ వంటలు. చేపల పులుసూ రొయ్యల ఇగురూ కావాలన్నవారికి అవి పెట్టే హోటళ్ళు వేరే ఉన్నాయి. పులుసు అయ్యాక చారు, చారు అయ్యాక పెరుగు. "బాబూ, మారు అన్నం పెట్టమంటావా?" అని వడ్డించేవాడు రెండుసార్లయినా అడుగుతాడు. వద్దన్నా ఒక గరిటె పడుతుంది.

సరే, ఇక బంగాళాఖాతం దాటుదాం. తూర్పుగా పోతే అండమాన్ దీవులు, వాటి తరవాత అండమాన్ సముద్రం, దాని ఒడ్డున బర్మా, థాయిలాండు. థాయిలాండును 1939 దాకా సయాం అనేవారు. ఆ దేశపు రాజధాని బాంకాకు, చావ్ ప్రయా అనే నది డెల్టాలో ఉన్నది. ఆ నది మన గోదావరి కంటె చాలా చిన్నది. గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లయితే, చావ్ ప్రయా పొడవు 372 కిలోమీటర్లే. అయితేనేం, అక్కడ కూడా ఎటు చూసినా కాలవలు, వరిచేలు, కొబ్బరిచెట్లు, తాటిచెట్లు, రొయ్యల చెరువులు. తణుకు పిల్లవాణ్ణి కళ్ళకు గంతలు కట్టి తీసుకుపోయి అక్కడి పొలంగట్టు మీద దింపితే, "అత్తిలి వచ్చామా?" అని అడిగినా అడుగుతాడు.

బాంకాకు సందుల్లో కూడా మన "మీల్స్ రెడీ" వంటి చిన్న హోటళ్ళు ఉన్నాయి. భోజనశాలను థాయి భాషలో "రాన్ ఆహాన్" అంటారు. రాన్ అంటే కొట్టు. మరి ఆహాన్ అంటే? అది మన "ఆహారం" మాటే! వాళ్ళు రాసేటప్పుడు "ఆహార్" అనే రాస్తారు. కాని మాట చివర "ర" వస్తే వాళ్ళ నాలుక దాన్ని "న" అని పలుకుతుంది. అట్లాగే "నగర" అన్న మాట వాళ్ళ నోట "నఖోన్" అయింది. వెయ్యేళ్ళకు పైగా మన తీరాలనుంచి వర్తకులూ, భిక్షువులూ, పండితులూ ఓడలెక్కి ఆ వైపుకు పోతూ వచ్చారు. సంస్కృతం, పాళీ మాటలు వారి వెంట పోయాయి. థాయి లిపీ, మన తెలుగు లిపీ కూడా దక్షిణాది బ్రాహ్మీ లిపి అనే ఒకే చెట్టుకు దూరదూరపు కొమ్మలు.

థాయివారిలో చిన్న హోటళ్ళు రెండు రకాలు. ఒకదాన్లో కూరలన్నీ పళ్ళాల్లో వరసగా పెట్టి ఉంచుతారు. మనం వేలితో చూపించిన కూరను అన్నం మీద గరిటెతో పోసి ఇస్తారు. ఆ హోటలును "ఖావ్ కేంగ్" కొట్టు అంటారు, అంటే అన్నమూ కూరా అమ్మే కొట్టు. రెండో రకంలో మనం ఏది చెపితే అది అప్పటికప్పుడు పెద్ద మంట మీద మూకుడు పెట్టి, రెండు మూడు నిమిషాల్లో వేయించి ఇస్తారు. మన విస్తరిలో ఒకదాని తరవాత ఒకటి వస్తాయి. వాళ్ళ ఇంట్లో కూరలన్నీ బల్ల మధ్య పెట్టుకుని, నలుగురూ అందులోనుంచి కొద్దికొద్దిగా వడ్డించుకుంటారు. మనం చేత్తో తింటాం. వాళ్ళు కుడిచేతిలో చెంచా, ఎడమచేతిలో ముళ్ళ గరిటె పట్టుకుంటారు. ముళ్ళ గరిటెను నోట్లో పెట్టుకోరు, దానితో అన్నాన్ని చెంచాలోకి తోస్తారు.

ఇంకొక చమత్కారం చూడండి. మన పల్లెల్లో ఎవరైనా ఎదురుపడితే "అన్నం తిన్నావా?" అని పలకరిస్తాం. థాయి పల్లెల్లో కూడా "కిన్ ఖావ్ రు యాంగ్?" అని పలకరిస్తారు. దానికి సరిగ్గా అదే అర్థం: "అన్నం తిన్నావా, ఇంకా లేదా?" వరి పండించే వారికి అన్నం తినటమే క్షేమం, అన్నం తినకపోవటమే కష్టం. అందుకే రెండు చోట్లా క్షేమ సమాచారం పళ్ళెంతోనే మొదలవుతుంది.

ఇప్పుడు ఆ వంటలోని వస్తువులు ఒక్కొక్కటే చూద్దాం. "తోమ్ యామ్ కుంగ్" అని థాయివారికి ప్రాణప్రదమైన చారు ఒకటి ఉన్నది. కుంగ్ అంటే రొయ్య. 2024లో యునెస్కో సంస్థ ఈ చారును మానవజాతి వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది. దాన్లో ఏమేమి వేస్తారు? నిమ్మగడ్డి, అది మన పెరళ్ళలో కూడా పెరుగుతుంది, కొందరు దానితో టీ కాస్తారు. దుంపరాష్ట్రం, అల్లానికి చుట్టమైన దుంప, మన ఆయుర్వేదం కొట్లలో దొరుకుతుంది. ఇక ఒక రకం నిమ్మజాతి చెట్టు ఆకు, రెండు ఆకులను కొసకు కొస అతికించినట్టుంటుంది. మన అమ్మమ్మలు మజ్జిగలో వేసే దబ్బాకుకు ఇది దగ్గరి బంధువు. పైన పచ్చిమిరపకాయలు, నిమ్మరసం. మనం మందుల పెట్టెలో పెట్టిన దుంపను వాళ్ళు వంటింట్లో పెట్టారు. మనం మజ్జిగకు ఉంచిన పరిమళాన్ని వాళ్ళు చారుకు ఉంచారు. అంతే భేదం!

"ఫత్ థాయి" అనే మరొక వంట లోకమంతా పేరుపొందింది. అది బియ్యప్పిండి సేమ్యాతో చేసేది. రెండవ ప్రపంచయుద్ధం రోజుల్లో అక్కడి ప్రభుత్వం జనాన్ని సేమ్యా తినమని ప్రోత్సహించినప్పుడు దానికి వ్యాప్తి వచ్చింది. దాని రుచికి మూలం చింతపండు, తాటిబెల్లం, ఉప్పన. చింతపండూ బెల్లమూ వేసి మనం చేసే పులుసు గుర్తుకు రావటం లేదూ? అన్నట్టు, పంచదారను థాయి భాషలో "నామ్ తాన్" అంటారు. నామ్ అంటే నీరు, తాన్ అంటే తాళవృక్షం, అంటే తాటిచెట్టు. తాటినీరు కాచి బెల్లం చేసేవారి నోట పుట్టిన మాట అది. మన తణుకు పంచదారకు వాళ్ళు పెట్టిన పేరులో మన తాటిచెట్టు ఉన్నది!

ఇక ఉప్పన విషయం. థాయి వంటలో ఉప్పుకు బదులు చాలాచోట్ల "నామ్ ప్లా" అనే చేపనీరు పోస్తారు. చిన్న చేపలనూ ఉప్పునూ కలిపి తొట్లలో ఏడాదీ, అంతకు మించీ ఊరబెడతారు. ఉప్పు ఎక్కువగా ఉన్నందున కుళ్ళు పుట్టించే సూక్ష్మజీవులు పెరగలేవు. చేప శరీరంలోనే ఉండే కొన్ని పదార్థాలు దాని మాంసకృత్తులను చిన్నచిన్న ముక్కలుగా విడగొడతాయి. వాటిలో గ్లూటమేటు అనేది ఉన్నది. నాలుకకు కమ్మదనం తగిలేది దానివల్లనే అని 1908లో జపాను శాస్త్రజ్ఞుడు ఇకెడా కనిపెట్టాడు. మన వంకాయ కూరలో నాలుగు ఎండురొయ్యలు పడితే రుచి ఎందుకు మారిపోతుందో ఇప్పుడు మీకు తెలిసింది గదా!

మిరపకాయ సంగతి మరీ వింత. గోదావరి పచ్చడి కారం, థాయి కూర కారం రెండూ కళ్ళ నీళ్ళు తెప్పిస్తాయి. కాని అయిదు వందల ఏళ్ళ కిందట మనకూ వారికీ మిరపకాయ అంటే ఏమిటో తెలియదు. అది అమెరికా ఖండపు కాయ. పోర్చుగీసువారు 1498లో కాలికట్టుకూ, 1511లో సయాం రాజధాని అయుత్థయకూ వచ్చారు. మిరపకాయ వారి వెంట తూర్పు దేశాలకు చేరింది. అంతకు ముందు రెండు చోట్లా కారానికి మిరియాలే దిక్కు. మనం కొత్త కాయకు మిరియాన్ని తలపించేట్టు "మిరప" అని పేరు పెట్టాం. థాయివారు మిరపకాయను "ఫ్రిక్" అని, పాత మిరియాన్ని "ఫ్రిక్ థాయి" అని అన్నారు, అంటే "మన దేశపు కారం" అని! అయుత్థయ అన్న పేరు కూడా మీకు తెలిసినదే, అది మన అయోధ్య.

కారం తగిలినప్పుడు నోరు ఎందుకు మండుతుంది? మిరపకాయలో కాప్సైసిన్ అనే పదార్థం ఉన్నది. మన నాలుక మీద వేడిని పసికట్టే నరాల కొసలు ఉంటాయి. కాప్సైసిన్ వాటిని తాకగానే, నిజంగా నిప్పు తగిలినట్టే అవి మెదడుకు కబురు పంపుతాయి. ఆ నరాల రహస్యం కనిపెట్టిన డేవిడ్ జూలియస్ అనే శాస్త్రజ్ఞుడికి 2021లో నోబెల్ బహుమానంలో భాగం దక్కింది. కాప్సైసిన్ నీళ్ళలో కరగదు, అందుకే నీళ్ళు ఎన్ని తాగినా మంట తగ్గదు. అది కొవ్వులో కరుగుతుంది, పాలల్లోని మాంసకృత్తు దాన్ని పట్టి లాగేస్తుంది. కనక మనం చివరకు పెరుగన్నం తింటాం. థాయివారు కూరలో కొబ్బరిపాలు పోస్తారు. శాస్త్రం పుస్తకాల్లోకి ఎక్కకముందే రెండు దేశాల తల్లులకూ వైద్యం తెలుసు.

అన్నం మాట మరిచిపోగూడదు. తణుకుకు దగ్గరలోనే మార్టేరు అనే ఊళ్ళో వరి పరిశోధన కేంద్రం ఉన్నది. అక్కడివారు సృష్టించిన "స్వర్ణ" అనే వంగడం 1982లో విడుదల అయింది. అది ఒరిస్సా, బెంగాలు, బంగ్లాదేశ్ దాకా పాకి కోట్లమందికి అన్నం పెట్టింది. వరదలో సుమారు రెండు వారాలు మునిగినా చావని గుణాన్ని దానికి తరవాత జోడించారు. ఆ కొత్త స్వర్ణ 2009లో మన దేశంలో విడుదల అయింది. థాయివారికి అటువంటి గర్వకారణం "ఖావ్ హోమ్ మాలి" అనే సువాసన బియ్యం. దాని మేలైన వంగడాన్ని వారు 1959లో విడుదల చేశారు. మాలి అంటే మల్లె. బియ్యం మల్లెపువ్వులా తెల్లగా ఉంటుందని ఆ పేరు. వాసన మాత్రం మన మొగలి జాతికే చెందిన ఒక మొక్క ఆకు వాసన.

ఇంతదాకా రెండు పళ్ళాల పోలికలే చూశాం. ఇప్పుడు రొయ్య దగ్గర కాస్త ఆగుదాం. ఎందుకంటే ఆ చిన్న జీవి మీద ఈ రెండు డెల్టాల్లో లక్షలాది కుటుంబాలు బతుకుతున్నాయి.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో 1990 తరవాత ఎందరో రైతులు చేలను చెరువులుగా తవ్వి రొయ్యలు పెంచారు. మొదట్లో డబ్బు బాగా వచ్చింది. కాని 1994-95లో తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువులకు చెరువులే తుడిచిపెట్టుకుపోయాయి. అప్పులు మిగిలాయి. 2009లో మన ప్రభుత్వం వనామీ అనే కొత్త రకాన్ని పెంచటానికి అనుమతి ఇచ్చింది. ఇది అమెరికా ఖండాల పసిఫిక్ తీరపు రొయ్య. దానితో మళ్ళీ చెరువులు కళకళలాడాయి. ఆ సమయంలోనే, 2012 ప్రాంతంలో, థాయిలాండు చెరువులకు మరొక తెగులు తగిలింది. పిల్లరొయ్యలు వేసిన నెలలోపే గుంపులు గుంపులుగా చచ్చిపోసాగాయి. దానికి కారణం విషం పుట్టించే ఒక రకం బాక్టీరియా అని 2013లో అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయం వారు కనిపెట్టారు. థాయి రైతుల పంట పడిపోయింది. కొనుగోలుదారులు మనవైపు తిరిగారు. మన రొయ్యకు గిరాకీ పెరిగింది.

పిల్లలూ, ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించండి. అక్కడ ఒక రైతు ఇంట్లో పొయ్యి ఆరితే, ఇక్కడ మరొక రైతు ఇంట్లో దీపం వెలిగింది. ఇందులో ఇక్కడి రైతు తప్పు ఏమీ లేదు. అక్కడి రైతు తప్పూ లేదు. కాని ఈ దీపం కూడా గాలిలో పెట్టిన దీపమే. మన రొయ్యల్లో చాలాభాగం పరదేశాలకే పోతుంది. 2025లో అమెరికా సుంకాలు పెంచగానే ఇక్కడి చెరువుల గట్టు మీద దిగులు కమ్ముకున్నది. ఎక్కడో వేల మైళ్ళ దూరాన ఒక కాగితం మీద సంతకం పడితే, ఇక్కడ ఒక పిల్లవాడి బడి ఫీజు ఆగిపోవచ్చు.

మరొక సంగతీ ఉన్నది. ఉప్పునీటి చెరువు పక్కన వరిచేను ఉంటే, ఉప్పు ఊరి ఆ చేను చౌడుబారుతుంది. బావినీరు తాగటానికి పనికిరాకుండా పోతుంది. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తిచేసినందువల్లనే ఈ సీమకు తీపినీరు దక్కింది. ఆ నీటివల్లనే తణుకు విస్తరిలో తెల్లటి అన్నం పడుతున్నది. చేనూ ఉండాలి, చెరువూ ఉండాలి, బావిలో మంచినీరూ ఉండాలి. ఈ మూడూ ఎట్లా పొసగుతాయి? ఈ లెక్క థాయిలాండు పెద్దలూ ఇంకా తేల్చలేదు, మన పెద్దలూ తేల్చలేదు. రేపు దీన్ని తేల్చవలసినవారు బహుశా మీరే.

థాయివారిని చూసి మనం నేర్చుకోదగినది మరొకటి ఉన్నది. 2000 తరవాత వారి ప్రభుత్వం, తమ వంట చేసే హోటళ్ళు లోకమంతటా వెలవాలని పట్టుపట్టి సాయం చేసింది. ఇప్పుడు లండనులోనూ, సిడ్నీలోనూ, అమెరికా చిన్న పట్టణాల్లోనూ వీధి మలుపున ఒక థాయి హోటలు కనిపిస్తుంది. మన హైదరాబాదులో, విశాఖపట్నంలో కూడా థాయి వంట దొరుకుతున్నది. తణుకు పిల్లవాడు ఎప్పుడైనా అక్కడికి పోతే, పేర్లు చూసి బెదరవలసిన పని లేదు. కొబ్బరి, చింతపండు, రొయ్య, మిరపకాయ, అన్నం: అన్నీ మన పెరటి చుట్టాలే. చేపనీరు కలుస్తుంది గనక శాకాహారులు మాత్రం ముందుగా అడిగి తెలుసుకోవాలి.

ఈసారి మీ అమ్మానాన్నలతో ఏ చిన్న హోటలుకు పోయినా ఒక పని చెయ్యండి. విస్తరిలో పడినవాటి పేర్లు ఇంటికి వచ్చాక నోటుపుస్తకంలో రాసుకోండి. ఏది మన నేలమీద పుట్టింది, ఏది ఓడ ఎక్కి వచ్చింది, దాన్ని ఇప్పుడు ఎవరు పండిస్తున్నారు, అని పెద్దలను అడిగి పక్కన రాయండి. ఒక్క విస్తరితో భూగోళమూ, చరిత్రా, రసాయన శాస్త్రమూ చదివినట్టవుతుంది.

వడ్డించేవాడు "మారు పెట్టమంటావా?" అని అడిగినప్పుడు మాత్రం కడుపును అడిగి జవాబు చెప్పండి. ఆకులో వదిలేసిన మెతుకు వెనక మార్టేరు శాస్త్రజ్ఞుడి శ్రమ ఉన్నది, కాలవ గట్టున నిద్రలేని రైతు ఉన్నాడు, పొద్దున్నే నాలుగింటికి లేచి పొయ్యి వెలిగించిన వంటమనిషి ఉన్నది. లేచేముందు ఆమెకు వినబడేట్టు, "కూర చాలా బాగున్నదండీ!" అని చెప్పి రండి. ఆ మాటకు ఖర్చు ఏమీ లేదు. బాంకాకులో అయినా, తణుకులో అయినా, ఆ మాట విన్న వంటమనిషి ముఖం ఒకే విధంగా వెలుగుతుంది.